ఆరు చేతుల వంటవాడు

మా ఆవిడ కూతురు ఈ ఇంటికొచ్చిన కొత్తలో నన్ను ఏమని పిలవాలో తెలియక, అసలు పిలవకుండానే నెట్టుకొచ్చింది. అది తేలికైన విద్య కాదు. కావాలంటే ప్రయత్నించి చూడండి. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఎదుటి మనిషిని ‘నువ్వు’ అనకుండా, ‘మీరు’ అనకుండా, ఏ వరసా కలపకుండా వారాల తరబడి మాట్లాడాలి. ఆ పిల్ల మాట్లాడేది. “ఉప్పు ఇటువైపు వస్తే బాగుండు,” అనేది. “కింద ఎవరో కటింగుకి వచ్చినట్టున్నారు,” అనేది. “స్నానాల గది ఖాళీ అయిందా?” అని గోడని అడిగేది. ఆమె మాటల్లో క్రియలుండేవి, కర్మలుండేవి. కర్త మాత్రం ఎక్కడా దొరికేవాడు కాదు. ఆ దొరకని కర్తని నేనే.

నాది కటింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. నలభై దాటాక పెళ్లి చేసుకున్నాను. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మొదటి భర్త పోయేనాటికి ఈ పిల్లకి నడక కూడా సరిగ్గా రాలేదట. సన్నగా, ఎప్పుడూ తల అటూ ఇటూ తిప్పుతూ ఉంటుందని వాళ్లమ్మ దాన్ని ‘పిచ్చుక’ అంటుంది. నేనూ మనసులో అలాగే అనుకునేవాణ్ణి. పైకి మాత్రం ‘అమ్మా’ అనేవాణ్ణి. అమ్మా అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా.

పిచ్చుక ఎండాకాలం సెలవుల మొదట్లోనే వాళ్లమ్మతో ఒక ఒప్పందం చేసుకుంది. అది నేను వినాలని అన్నది కాదు గానీ, మా ఇంటి గోడలు పలచన.

“ఈ సెలవులు ఇక్కడ ఉంటా. నచ్చకపోతే పెద్దమ్మ దగ్గరికి వెళ్లి చదువుకుంటా. నువ్వు ఏడవకూడదు.”

“ఏడవనులే,” అంది మా ఆవిడ. ఆ గొంతులో అప్పటికే తడి ఉంది.

ఆ పెద్దమ్మ పక్క ఊళ్లో రైల్వే స్టేషన్లో బళ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగి. ఆవిడకి ఇద్దరూ మగపిల్లలే. అక్కడ పిచ్చుక కోసం ఓ గది సిద్ధంగా ఉందని, కిటికీ దగ్గర బల్ల కూడా వేయించారని ఫోన్లో తరచూ వినేవాణ్ణి. పిచ్చుకకి బల్ల అంటే మామూలు విషయం కాదు. ఎందుకంటే అది రోజుకో బొమ్మ వేసేది.

ఏవో బొమ్మలు కాదు. టీవీలో ‘తోకచుక్క దళం’ అని ఓ కార్టూన్ సీరియల్ వచ్చేది. ఆకాశంలో నక్షత్రాలకి దీపాలు వెలిగించే మిణుకు అనే పిల్ల, ఆ నక్షత్రాలని ఎత్తుకెళ్లి తన పెద్ద కొప్పులో దాచుకునే చీకటమ్మ, మిణుకు ఎక్కి తిరిగే ఓడలో దబర అనే ఆరు చేతుల వంటవాడు. పొద్దున లేచి, టీ తాగి, తినేబల్ల మీద పుస్తకం తెరిస్తే వాళ్లలో ఎవరో ఒకరు కాగితం మీదకి వచ్చేవాళ్లు. మిణుకు పరిగెత్తుతూ, మిణుకు అలిగి కూర్చుని, చీకటమ్మ ఆవులిస్తూ. బాగా వచ్చినా, రాకపోయినా, రోజుకొకటి. జ్వరం వచ్చిన రోజు కూడా పడుకునే ఓ మిణుకుని వేసింది. దాని నోట్లో థర్మామీటర్ ఉంది.

ఒక పొద్దున నేను టీ కప్పుతో వెనక నిలబడి చూశాను. ‘బాగుందమ్మా’ అని ముందుకెళ్లిపోతే సరిపోయేది. అలా వెళ్లిపోయేవాడు కటింగ్ షాపు ఎందుకు పెడతాడు? పేజీలు తిప్పుతుంటే ఒకటి కనిపించింది. కనిపించింది కాబట్టి అనేశాను.

“అందరూ చేతులు దాచుకున్నారేంటమ్మా? చలేస్తోందా వాళ్లకి?”

నిజమే మరి. మిణుకు చేతులు జేబుల్లో. చీకటమ్మ చేతులు వీపు వెనక. ఇంకో బొమ్మలో మిణుకు పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది, వేలి కొన కూడా బయటికి రాలేదు. ఇక దబర అయితే పుస్తకం మొత్తంలో ఎక్కడా లేడు.

పెన్సిల్ ఆగిపోయింది. పిచ్చుక పుస్తకం మూసి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మర్నాటి నుంచి బొమ్మలు ఆ తలుపు వెనకే పుట్టాయి.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, బ్యాగు కూడా దించకుండా నన్ను పట్టుకుంది.

“కుర్చీలో కూర్చున్న ప్రతి బట్టతలకీ ‘మీ జుట్టు భలే ఒత్తుగా ఉందండీ’ అంటారే! ఇంట్లో పిల్లకి ఒక్క మంచిమాట దొరకలేదా మీకు?”

“తప్పే. కానీ చేతులు నిజంగానే—”

“నిజాలు చెప్పడానికి దానికి నేనున్నాను. మీరు కొత్త. కొన్నాళ్లు అబద్ధాలు చెప్పండి.”

నాకు అబద్ధం చెప్పడానికి కూడా మనిషి ఎదురుపడాలి కదా. పడలేదు. అందుకని ఒకరోజు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు పాత క్యాలెండర్ కాగితం చించి, వెనక తెల్లగా ఉన్నవైపు మిణుకుని వెయ్యడం మొదలుపెట్టాను. అసలు అందులో ఏముందో, రోజూ ఎందుకు వేస్తుందో తెలుసుకుందామని. కాసేపట్లో తెలిసింది ఏంటంటే, చేతులు దాచడం చాలా తెలివైన పని. కళ్లు ఒకటి పైకి, ఒకటి కిందకి పోయాయి. ముక్కు ఎక్కడ పెట్టాలో తోచక రెండుచోట్ల పెట్టి, ఒకటి చెరిపాను. అయినా పడెయ్యబుద్ధి కాలేదు. అద్దం మూలకి అంటించాను.

మొదట చూసింది మా పక్క షాపు గడియారాలాయన. గడియారాలు బాగుచేస్తాడు. తన షాపులో కంటే నా కుర్చీలోనే ఎక్కువ సేపుంటాడు.

“ఏంటిది, చీపురుకి కళ్లొచ్చాయి?”

“చీపురు కాదు. మిణుకు.”

“పాపం, ఏం జబ్బు?”

ఆయన మాట పూర్తయ్యేసరికి గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. వాళ్లమ్మ పంపిన క్యారేజీ చేతిలో ఉంది. అద్దం మూల చూసింది. పెదవులు బిగించింది. నవ్వుని నోట్లో ఆపితే ముక్కులోంచి వచ్చింది. ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. క్యారేజీ బెంచీ మీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ పిల్ల నవ్వుతుంటే నేను వినడం అదే మొదలు. గడియారాలాయనకి అసలు జోకేంటో తెలియకపోయినా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను.

“మిణుకు… ఇదా?”

“జుట్టు చూసి పోల్చుకోవచ్చు కదమ్మా!”

కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చింది. తల అటు వంచి, ఇటు వంచి చూసింది. నవ్వు తగ్గింది.

“జుట్టు నిజంగానే బాగుంది. ఎలా వేశారు?”

వేశా‘రు’. ఆ చివరి ‘రు’ నా చెవిలో గంటలా మోగింది. ఇన్ని వారాలకి నాకో బహువచనం దక్కింది.

“నువ్వు వెంట్రుకలు వేస్తావు. నేను జుట్టు వేశాను. అంతే తేడా,” అన్నాను. గడియారాలాయన తల ముందుకి వంచి, నెత్తి మీద సుడి చూపించాను. “ఇదిగో, ఇక్కడ మొదలవుతుంది. ఇక్కణ్నుంచి నీళ్లు జారినట్టు అన్నివైపులకీ జారుతుంది. మిణుకు జుట్టు పైకి లేచినా సరే, దానికీ ఓ సుడి ఉండాలిగా. ముందు అది ఎక్కడుందో నిర్ణయించుకుంటే, మిగతాది దాని దారిన అదే పోతుంది.”

“నా తల మీద పాఠాలేంటయ్యా?” అన్నాడాయన.

“పలచగా ఉంటే దారులు బాగా కనిపిస్తాయి.”

మర్నాడు పొద్దున పిచ్చుక మళ్లీ తినేబల్ల దగ్గరికి వచ్చింది. ఎదురుకుర్చీ ముందు ఓ తెల్లకాగితం, చెక్కిన పెన్సిలు పెట్టి ఉన్నాయి. ఎవరికో చెప్పలేదు. ఆ కుర్చీలో కూర్చునేది నేనొక్కణ్ణే.

అలా మొదలైంది. షాపు తెరిచేలోపు చెరో బొమ్మ. తలకి ముందు గుండ్రం గీయాలని, దాని మీద అడ్డంగా ఓ గీత, నిలువుగా ఓ గీత గీస్తే కళ్లూ ముక్కూ కొట్టుకోకుండా దేని చోట అది ఉంటుందని నేర్పింది. నేను గీసే గుండ్రాలు గుమ్మడికాయల్లా వచ్చేవి. “పర్లేదు, రోజూ వేస్తే వస్తుంది,” అనేది టీచరమ్మలా. నేను జడలు, ముంగురులు, నుదుటి దగ్గర మొదలయ్యే పిల్లవెంట్రుకలు చూపించేవాణ్ణి. చీకటమ్మ కొప్పు ఎన్ని మెలికలు తిప్పితే అంత ఎత్తు నిలుస్తుందో తువ్వాలు చుట్టి చూపించాను. మా ఆవిడ ఆ తువ్వాలుని మా ఇద్దరి తలల మీద నుంచి లాక్కుని స్నానానికి వెళ్లింది.

ఒకరోజు అడిగాను. “ఎవరో పుట్టించిన బొమ్మల్నే రోజూ వెయ్యడం ఎందుకమ్మా? నీ సొంతంగా ఎవర్నైనా పుట్టించుకోవచ్చుగా?”

పెన్సిల్ ఆపకుండానే అంది. “మీరు కటింగ్ నేర్చుకున్నప్పుడు కొత్త తల తయారుచేసి నేర్చుకున్నారా? ఉన్న తలల మీదేగా?”

ఇంతవరకూ ఏ కస్టమరూ నా నోరు ఇంత చక్కగా మూయించలేదు.

తనే మళ్లీ అంది. “వీళ్లు నాకు బాగా తెలుసు. మిణుకుకి కోపమొస్తే ఏం చేస్తుందో తెలుసు. చీకటమ్మ ఒక్కతే ఉన్నప్పుడు ఎలా కూర్చుంటుందో తెలుసు. తెలిసినవాళ్లని వేస్తుంటే చెయ్యి భయపడదు.”

“మరి కొత్తవాళ్లయితే?”

“కొత్తవాళ్లయితే టైం పడుతుంది,” అంది కాగితంతో.

నేను నా గుమ్మడికాయకి కళ్లు పెట్టుకుంటూ కూర్చున్నాను.

పిచ్చుక బొమ్మలు ఒక్కొక్కటే షాపు అద్దాల చుట్టూ చేరాయి. పిల్లలు కటింగుకి ఏడవడం మానేశారు. పెద్దవాళ్లు కూడా తక్కువేం కాదు. బ్యాంకులో పనిచేసే ఓ పెద్దమనిషి, ఎప్పుడూ పక్కపాపిడి తప్ప ఎరగనివాడు, గొంతు తగ్గించి, “కొద్దిగా, అంటే ఆఫీసులో తెలియనంతగా, ఆ పిల్ల మాదిరి నిలబెట్టగలవా?” అని అడిగాడు. నిలబెట్టాను. నిలబడ్డ జుట్టుతో ఆయన వీధి చివరదాకా దర్జాగా నడిచి వెళ్లాడు. మూల తిరిగేటప్పుడు మాత్రం అరచేత్తో అణుచుకున్నాడు. నేనూ పిచ్చుకా గుమ్మంలో నిలబడి చూసి చాలాసేపు నవ్వుకున్నాం.

సెలవులు సగానికి పైగా కరిగిపోయాయి. ఫోన్లో పెద్దమ్మ గొంతు ఎక్కువగా వినిపిస్తోంది. ‘బడి తెరిచేముందు వస్తా’నంటోంది. పిచ్చుక ‘ఊఁ’ అనేది. ఆ ‘ఊఁ’కి అర్థమేంటో వాళ్లమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

అప్పుడే మా ఊరి గ్రంథాలయం తలుపుకి ఓ ప్రకటన అంటించారు. ‘తోకచుక్క దళం’ ఆఖరి భాగాన్ని అక్కడి హాల్లో పెద్ద తెర మీద వేస్తారట. అభిమానులు తాము గీసిన బొమ్మలు తెస్తే గోడల మీద పెడతారట. ఆ ఆఖరి భాగం కథ దబరది కాబట్టి, ప్రతివాళ్లూ దబర బొమ్మ ఒకటి తేవాలి. ఇంకేవైనా ఉంటే వాటితో పాటు పెట్టుకోవచ్చు.

పిచ్చుక ఇంటికొచ్చి బల్ల మీద తల వాల్చేసింది.

“ఆరు చేతులమ్మా! ఆరు! అంటే ముప్పై వేళ్లు! రెండు చేతులకే నేను జేబులు కుడుతున్నా!”

మా ఆవిడ నావైపు చూసింది. నోరు జాగ్రత్త అన్నట్టు. నేను జాగ్రత్తగానే అన్నాను.

“చేతులు మన షాపులో ఉన్నాయి. రెండే ఉన్నాయనుకో. కానీ మూడుసార్లు వాడుకోవచ్చు.”

పిచ్చుక తలెత్తకుండానే కాసేపు లెక్కలేసుకుంది. తర్వాత ఒక చెయ్యి చాచి పెన్సిల్ అందుకుంది.

ఆ రోజు నుంచి నా చేతులు నావి కావు. తింటుంటే ‘ఆగండి’. తాళం తీస్తుంటే ‘అలాగే ఉంచండి’. మొదట వేసిన చేతులు ఉబ్బిన చేతితొడుగుల్లా ఉన్నాయి. తర్వాతవి అరటిపళ్ల అత్తాల్లా వచ్చాయి. ఒక సాయంత్రం పేజీ చింపి, ఉండ చేసి విసిరేసింది. “నావల్ల కాదు. దబరకి జ్వరం వచ్చి దుప్పటి కప్పుకున్నట్టు వేస్తా.”

నేను ఆ ఉండని విప్పి చూశాను. బొటనవేలు భలే కుదిరింది. అది అబద్ధం కాదు.

“ఈ బొటనవేలు నాదే. ఎక్కడున్నా గుర్తుపడతా. గోరు పక్కన గాటు కూడా వేశావు.”

“మిగతా నాలుగూ?”

“అవి ఇంకా దారిలో ఉన్నాయి.”

నవ్వలేదు గానీ, ఇంకో పేజీ తీసింది.

షాపు సెలవురోజున షట్టర్ సగం ఎత్తి, లోపల లైట్లన్నీ వేశాం. గడ్డం గీసేటప్పుడు చెయ్యి ఎలా తిరుగుతుందో పిచ్చుకకి కావాలి. గడ్డం కావాలంటే మనిషి కావాలి. గడియారాలాయన “నేనున్నాగా” అని వచ్చి కుర్చీలో దర్జాగా వాలాడు. ముఖమంతా నురగ పట్టించాను. ఎడమచెయ్యి ఆయన బుగ్గ మీద, కుడిచేతిలో కత్తి. పిచ్చుక బెంచీ మీద కాళ్లు మడుచుకు కూర్చుని, ఒళ్లో పుస్తకంతో మొదలుపెట్టింది.

“మణికట్టు కొంచెం తిప్పండి. చాలు. చిటికెనవేలు అలా గాల్లోనే ఉంచండి.”

ఉంచాను. బయట ఎండ షట్టర్ కింద నుంచి పాకి నా చెప్పుల దాకా వచ్చింది. పెన్సిల్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పిచ్చుక నాలుక పెదవి మీదికొచ్చింది. ఆ పిల్ల గట్టిగా మునిగిపోయినప్పుడు అలా చేస్తుంది. మా ఆవిడ టీ కప్పుల పళ్లెంతో మెట్లు దిగొచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడింది.

“అబ్బా, కదలకు!” అంది పిచ్చుక. “ఇందాకట్నుంచీ చూస్తున్నా, నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా భుజం లేస్తోంది. వేళ్లన్నీ జరిగిపోతున్నాయి.”

కాగితం మీంచి చూపు కూడా ఎత్తలేదు. గీస్తూనే ఉంది.

నురగ మధ్యలో గడియారాలాయన ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. మా ఆవిడ పళ్లెం మెల్లిగా బల్ల మీద పెట్టి, మడిచే ఉన్న తువ్వాళ్లని తీసి మళ్లీ మడవడం మొదలుపెట్టింది. నేను కదల్లేదు. కదలొద్దంది కదా. ఊపిరి కూడా వీలైనంత తక్కువ పీల్చాను. కళ్లు చెమర్చితే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

“నురగ ఎండిపోయి దురద పెడుతోంది తల్లీ. నా సంగతేంటి?” అన్నాడు గడియారాలాయన.

“మీరూ కదలకండి అంకుల్. అయిపోయింది.”

ఆయనకి బహువచనమే దక్కింది పాపం.

టీలు చల్లారిపోయాయి. అందరం చల్లటి టీలే తాగాం. నాకు దక్కిన ఏకవచనం సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం, నేను కాళ్లు కడుక్కుంటుంటే నా వీపు మీద ఊరికే ఓ చరుపు చరిచి వెళ్లింది.

బొమ్మ పూర్తయింది. దబర ఓడ వంటింట్లో నిలబడి మిణుకుకి జుట్టు కత్తిరిస్తున్నాడు. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో దువ్వెన, ఒక చేతిలో నీళ్ల సీసా, ఒక చేతిలో అద్దం, ఒక చేత్తో పొయ్యి మీద గరిట తిప్పుతున్నాడు. ఆరో చెయ్యి మిణుకు గడ్డం కింద పెట్టి, తల వంగిపోకుండా పట్టుకున్నాడు. ముప్పై వేళ్లూ కనిపిస్తున్నాయి. ఒక్క జేబు లేదు. సీరియల్లో దబర ఎప్పుడూ ఎవరికీ జుట్టు కత్తిరించలేదు. “వాళ్లు మర్చిపోయారు. అందుకే నేను వేశా,” అంది పిచ్చుక.

గ్రంథాలయం హాల్లో ఆ సాయంత్రం ఇసకేస్తే రాలనంత జనం. పొట్టి దబరలు, పొడుగు దబరలు, ఏడో చెయ్యి పొరపాటున మొలిచిన దబర ఒకడు. పిచ్చుక బొమ్మ ముందు పిల్లలు గుంపుగా చేరి వేళ్లు లెక్కపెడుతున్నారు. అప్పుడు హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. కారణం ఆ గొంతు.

“పిచ్చుకా! ఎక్కడున్నావే?”

పెద్దమ్మ వచ్చింది. మైకు అక్కర్లేని గొంతు. ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ సామాన్లు సర్దుకున్నారు కూడా. స్టేషన్ నుంచి నేరుగా వచ్చింది. నిండైన మనిషి, నెత్తి మీద అంతకంటే నిండైన కొప్పు. పిచ్చుకని కావలించుకుని, మా ఆవిడ బుగ్గలు నొక్కి, నన్ను “ఏం మరిదిగారూ, కులాసానా?” అని అడిగి, వెంటనే అసలు విషయానికొచ్చింది. “పొద్దున పదింటి బండికి రెండు టికెట్లు తీసుకున్నా.”

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. “అలాగే వదినగారూ,” అన్నాను. ఇంకేం అనను?

పెద్దమ్మ బొమ్మలన్నీ చూసుకుంటూ నడిచింది. పిచ్చుక వేసిన చీకటమ్మ బొమ్మ ముందు ఆగింది. సింహాసనం మీద కాలు మీద కాలేసుకుని, కొప్పులో నక్షత్రాలు మెరుస్తుండగా, గడ్డం పైకెత్తి కూర్చున్న చీకటమ్మ. పెద్దమ్మ తనూ గడ్డం పైకెత్తి చూసింది.

“ఈవిడెవరో గానీ, ఎంత హుందాగా ఉందో! మొహంలో ఆ కళ చూడు.”

పిచ్చుక నా వీపు వెనక దాక్కుంది. దాని నవ్వు నా చొక్కాకి తగిలి వణుకుతోంది. పక్కనున్న ఓ చిన్నపిల్ల బొమ్మనీ పెద్దమ్మనీ మార్చి మార్చి చూసి, “అమ్మా, చీకటమ్మ నిజంగా వచ్చింది!” అని కేక పెట్టింది. పెద్దమ్మకి అర్థం కావడానికి ఓ క్షణం పట్టింది. అర్థమయ్యాక హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వింది. పిల్లలందరికీ కొప్పు ముట్టుకుని నక్షత్రాలు వెతుక్కోవడానికి అనుమతిచ్చింది.

గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ దబర బొమ్మ దగ్గర పిచ్చుకని ఆపింది. “చేతులు ఇంత బాగా ఎలా వేశావమ్మా? ఎవరివి చూసి వేశావు?”

“మావే,” అంది పిచ్చుక.

అంతే. ‘మావే’ అంది. ఆవిడ తలూపి ముందుకెళ్లిపోయింది. పెద్దమ్మ మాత్రం అక్కడే ఆగి, ఆ ఆరు చేతుల్నీ చూసి, కిందకి వేలాడుతున్న నా చేతుల్ని చూసింది. తర్వాత లైట్లు ఆర్పేశారు. ఆఖరి భాగంలో ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. దబర ఏదో గొప్ప పనే చేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

పొద్దున పెద్దమ్మ ప్రయాణానికి తయారై, తినేబల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. పిచ్చుక అప్పటికే పుస్తకం తెరిచి ఉంది. నేను ఎదురుకుర్చీలో గుమ్మడికాయ గీస్తున్నాను. మా ఆవిడ పొయ్యి దగ్గర, మావైపు వీపు పెట్టి నిలబడింది.

“బట్టలు సర్దుకున్నావా?”

“పెద్దమ్మా, కొంచెం కిటికీ వైపు తిరుగు. ఆ చెయ్యి అలాగే బుగ్గ కింద ఉంచు.”

పెద్దమ్మ తిరిగింది. ఉంచింది. పిచ్చుక పెద్దమ్మ వేళ్లు గీస్తోంది. ఉంగరం దగ్గర నెమ్మదించింది.

“గదికి రంగు కూడా వేయించానే,” అంది పెద్దమ్మ. ఆ గొంతు అంత చిన్నగా కూడా మాట్లాడగలదని నాకప్పుడే తెలిసింది.

“ఏం రంగు?”

“నీలం.”

“నాకు నీలం ఇష్టం పెద్దమ్మా. వచ్చే సెలవులకి వస్తా. సెలవులన్నీ ఉంటా.”

పొయ్యి దగ్గర గరిట కిందపడింది. నా పెన్సిల్ ముక్కు విరిగింది. పెద్దమ్మ బుగ్గ కింద చెయ్యి మాత్రం తియ్యలేదు. పిల్ల గీస్తోంది కదా.

“వస్తావుగా?”

“ఒట్టు.”

“ఒట్టు పెడితే సరిపోదు. ఆ బొమ్మ నాకివ్వు. గదిలో పెడతా. నువ్వొచ్చేదాకా అదుంటుంది.” తర్వాత నావైపు తిరిగింది. కళ్లు తడిగానే ఉన్నాయి గానీ నవ్వు కూడా ఉంది. “ఏంటి మరిదిగారూ, మీరు వేస్తున్నది గుమ్మడికాయేనా?”

“మీ బొమ్మే వదినగారూ.”

అంతా నవ్వారు. మా ఆవిడ కూడా ఇటు తిరిగి, ముక్కు చీదుకుంటూ నవ్వింది. పెద్దమ్మని అందరం కలిసి స్టేషన్లో దింపాం. బండి కదిలేదాకా కిటికీలోంచి బొమ్మని మా వైపు తిప్పి పట్టుకునే ఉంది.

బడి తెరిచేముందు రోజు పొద్దున నేను షాపు ఊడుస్తుంటే పిచ్చుక కిందకి దిగొచ్చింది. ఇన్నేళ్లూ ఆ పిల్ల జుట్టు కత్తిరించింది వాళ్లమ్మే. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదట. సరాసరి వచ్చి పెద్ద కుర్చీ ఎక్కింది. కాళ్లు కింద పలక దాకా అందలేదు. అద్దంలో తనని తాను ఓసారి చూసుకుంది.

చీపురు పక్కన పెట్టాను. బీరువాలోంచి ఉతికిన తెల్లగుడ్డ తీసి, దులిపి, మెడ చుట్టూ కట్టాను. ముడి బిగుసుకుందేమోనని వేలు పెట్టి చూశాను.

“ఎలా కావాలి?”

“నీ ఇష్టం,” అంది. అని కళ్లు మూసుకుంది.

పాతికేళ్లుగా ఈ షాపులో ఎంతమందో కూర్చున్నారు. ఇలా వద్దు, అలా వద్దు, చెవుల దగ్గర జాగ్రత్త, అని చెప్పనివాళ్లు ఒక్కరు లేరు. నీళ్ల సీసా అందుకుని, గోరువెచ్చగా ఉందో లేదో ముందు నా మణికట్టు మీద చల్లి చూసుకున్నాను. తర్వాత ఆ చిన్నతల తడిపి, మెల్లిగా మొదలుపెట్టాను.